కారుకు నెంబరుంది, తుపాకీకి కులముంది

అమెరికాలో ఏళ్ళ తరబడి ఒక వాదన నడుస్తోంది. కారుకు లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు ఉన్నట్టే తుపాకీకి కూడా పెట్టమని ఒక పక్షం అంటోంది. తుపాకీ 1791లో రాజ్యాంగం ఇచ్చిన హక్కు, కారు అట్లాంటి హక్కు కాదు, పైగా కారుకు లైసెన్సు అడిగేది రోడ్డెక్కినప్పుడే, కాబట్టి పోలిక చెల్లదని ఇంకో పక్షం. ఈ గొడవతో నల్లపాడు కూలోడికేం పని అంటారేమో. పని ఉంది. ఆ రెండు పక్షాలూ అడగని ప్రశ్న ఒకటి మన దగ్గరుంది. లైసెన్సు ఎవడి చేతిలో ఉంది? ఎవడి ఇంటి ముందు?

ముందు కారు సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండినోడు ఎల్లెల్లార్ తీసుకోవచ్చు, పరీక్ష పాసైతే లైసెన్సు ఇచ్చి తీరాలి. నీ తాత ఎవరు, నీకెన్ని ఎకరాలున్నాయి అని ఎవరూ అడగరు. ఆటోలూ లారీలూ తోలాలంటే ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధనను కూడా 2019లో ఎత్తేశారు. చదువు మధ్యలో ఆగిపోయిన మన పిల్లలకు అది మేలే చేసింది. బండికి ముందూ వెనకా నెంబరుంటుంది. గుద్ది పారిపోతే ఆ నెంబరు రాసుకోవచ్చు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మిర్చి కోతలకు కూలీలతో కిక్కిరిసి పోయే ఆటోని లారీ గుద్దితే ట్రిబ్యునల్లో కేసు వేసి నష్టపరిహారం అడగొచ్చు. ఆ డబ్బు బండి యజమాని కట్టిన ప్రీమియంలోంచి వస్తుంది. బండి పెట్టుకున్నోడే దాని ప్రమాదం ఖర్చు మొయ్యాలన్నది ఇక్కడి నీతి.

ఇప్పుడు తుపాకీ చూడండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండాలి, పోలీసు రిపోర్టు రావాలి, కలెక్టరు ఒప్పుకోవాలి. పాసైతే ఇచ్చి తీరాల్సిన పరీక్ష కాదిది, అధికారి మనసులో మాట. ఆ మనసుకు దారి ఎవరికి తెలుసో మనకు తెలుసు. తుపాకీకి ఊళ్ళో జనం చూసే నెంబరు ప్లేటు లేదు. ఏ ఇంట్లో ఎన్నున్నాయో ఆఫీసు రిజిస్టరుకు తెలుసుగానీ పల్లెకు తెలియదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అసలే లేదు. లైసెన్సు లేని తుపాకీ పట్టుబడ్డా కేసు నడపాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలని ఆ చట్టం 39వ సెక్షను చెబుతోంది. లైసెన్సు లేకుండా బండి తోలిన కుర్రాడి మీద కేసు రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు!

తుపాకీని కారుతో పోల్చడం తప్పు అనేవాళ్ళ మాటలో ఒక నిజం ఉంది. కారు పని మనిషిని చేరవెయ్యడం, అది చంపితే ప్రమాదం. తుపాకీ పనే కొట్టడం, చంపడం, బెదిరించడం. అయితే దానికి కారు కంటే పదింతల కట్టుబాటు ఉండాలి కదా! జనానికి కనపడే కట్టుబాటు తగ్గింది, కలెక్టరు దయ మాత్రం పెరిగింది. ఇదేం న్యాయం?

మనల్ని చంపింది తుపాకులేనా?

కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపింది గొడ్డళ్ళతో, బరిసెలతో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పారేశారు. అక్కడా తుపాకీ పేలలేదు. వ్యవసాయానికి మాత్రమే వాడే పనిముట్లు ఆయుధాలు కావని అదే ఆయుధాల చట్టం అంటోంది. గొడ్డలికి లైసెన్సు లేదు, ఉండదు కూడా.

మరి తుపాకీ సంగతి ఎందుకు? అది పేలనక్కర్లేదు గనక. మోతుబరి ఇంట్లో గోడకు వేలాడుతుంటే చాలు. కూలి రేటు గురించి నోరెత్తేవాడికీ, బంజరు మీద పట్టా అడిగేవాడికీ, కోర్టులో సాక్ష్యం చెప్పాల్సినవాడికీ అది ప్రతి పొద్దూ కనపడుతుంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది. ఇన్నేళ్ళపాటు సాక్షి బతకాలి, ఊళ్ళో తిరగాలి, మాట మీద నిలబడాలి. ఎదుటోడి ఇంట్లో ఆయుధం ఉండగా అది ఎంత కష్టమో చెప్పాలా?

తుపాకీ నేరుగా పేలిన చోట్లూ ఉన్నాయి. 1997 డిసెంబరు 1న బీహారు లక్ష్మణ్‌పూర్ బాతేలో రణవీర్ సేన 58 మందిని కాల్చి చంపింది. తమిళనాడు కీళ్‌వెణ్మణిలో 1968 డిసెంబరు 25న భూస్వాముల మూక తుపాకులతో వచ్చింది. గుడిసెలో దాక్కున్న 44 మంది దళిత కూలీలు, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ, కాలి బూడిదయ్యారు. 1973లో మద్రాసు హైకోర్టు ఏమందో తెలుసా? నిందితుల్లో ఎక్కువమంది పెద్ద ఆసాములట, వాళ్ళలో ఒకాయనకు కారు కూడా ఉందట, అట్లాంటివాళ్ళు స్వయంగా నడిచొచ్చి ఇళ్ళు తగలబెట్టారంటే నమ్మశక్యంగా లేదట! కారుకీ తుపాకీకీ పోలిక వెతుక్కునేవాళ్ళు ఈ తీర్పు చదవాలి. మన దేశంలో కారు ఉండటమే నిర్దోషి అనడానికి సాక్ష్యమైంది.

చట్టం మన పక్కనే ఉంది, బీరువాలో ఉంది

1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో రూల్సు వచ్చాయి. అందులో 3వ రూలు మన కార్యకర్తలందరూ కంఠతా పట్టాలి. దాడి జరిగే భయం ఉన్న ప్రాంతాల్ని ప్రభుత్వం గుర్తించాలి. అక్కడ అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు, వాళ్ళ దగ్గరి బంధువులవీ, పనివాళ్ళవీ, స్నేహితులవీ సహా రద్దు చేసి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకుల్ని పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకు ఆత్మరక్షణ కోసం ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఇది మనం పెట్టిన డిమాండు కాదు, ప్రభుత్వం రాసుకున్న రూలు. 'అవసరమనుకుంటే' అన్న మాట దగ్గరే తాళం పడింది. ఎవరనుకోవాలి? ఎన్ని శవాలు లేస్తే అనుకుంటారు?

ఎన్నికల నోటిఫికేషన్ పడగానే లైసెన్సు తుపాకులు తెచ్చి స్టేషన్లో పెట్టమని ఉత్తర్వులు రావడం ప్రతిసారీ చూస్తూనే ఉన్నాం. ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో ఆ రోజు పోలీసులకు ఎట్లా తెలిసింది? ఓటు పెట్టెను కాపాడటానికి చేతనైన పని, ఓటేసే మనిషిని కాపాడటానికి చేతకాదా?

పంట కాపలాకు నాటు తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో ఉంది. చేను ఉన్నోడికి పత్తీ మిర్చీ కాపాడుకోడానికి తుపాకీ. ఆ చేలో ఒంగి పత్తి తీసే మనిషికి ప్రాణం కాపాడుకోడానికి ఏముంది? అదే చట్టం 14వ సెక్షను ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని కూడా చెబుతోంది. ఈ రెండో ముక్కను ఎవరూ మనకు చదివి వినిపించరు.

కులాన్ని బట్టి ఆయుధమా అని నొసలు ముడిచే పెద్దమనుషులు కూర్గు వైపు చూడాలి. అక్కడి కొడవలకూ, జమ్మా భూములున్నవాళ్ళకూ తెల్లదొరల కాలం నుంచీ తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపును 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. జాతిని బట్టి, భూమిని బట్టి తుపాకీ ఇస్తే సంప్రదాయం, ప్రాణభయాన్ని బట్టి దళితుడు అడిగితే అరాచకమా?

అమెరికాలోనూ ఇదే కథ. 1956లో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్ అడిగితే అక్కడి అధికారులు కాదన్నారు. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు తుపాకులు బాహాటంగా పట్టుకు తిరిగేసరికి, గవర్నరు రీగన్ దాన్ని నిషేధించే చట్టం మీద సంతకం పెట్టాడు. తుపాకీ హక్కు అని గొంతు చించుకున్న దేశానికి, నల్ల చేతిలో అది కనపడగానే నియంత్రణ గుర్తొచ్చింది!

మేం అడిగేది ఇది

మన పిల్లలందరి చేతికీ తుపాకులివ్వమని మేం అడగడం లేదు. తుపాకులు పెరిగితే ముందు చచ్చేది పేదోడే. అంబేద్కర్ మనకిచ్చిన ఆయుధాలు చదువూ, సంఘటనా, పోరాటమూ. అయితే ఎదుటోడి తుపాకీని చట్టమని గౌరవించి, మన భయాన్ని మాత్రం తీవ్రవాదమని రాసుకుంటామంటే ఒప్పుకోం. అందుకే అడుగుతున్నాం:

1. దాడి భయం ఉన్న గ్రామాల్లో 3వ రూలు కింద లైసెన్సు ఆయుధాల్ని వెంటనే స్వాధీనం చేసుకోవాలి. ముద్దాయి బంధువులవి కూడా.

2. ఏ మండలంలో ఎన్ని లైసెన్సులున్నాయో, ఏ కారణం మీద ఇచ్చారో లెక్క బయటపెట్టాలి. కారుకు నెంబరున్నప్పుడు తుపాకీకి కనీసం లెక్క ఉండాలి.

3. తుపాకీ ఉన్న ప్రతివాడూ బండి యజమాని లాగే ఇన్సూరెన్సు కట్టాలి. ఇవాళ మన మనిషిని చంపితే 8 లక్షల 25 వేల సాయం వస్తోంది, అదీ సర్కారు ఖజానా నుంచి. అంటే మనం కట్టే పన్నుల్లోంచి. ఆయుధం పెట్టుకున్నోడు పైసా తియ్యడు.

4. ప్రాణభయంతో దరఖాస్తు పెట్టిన దళిత సాక్షికి రక్షణ ఇస్తారో, లైసెన్సు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. రెండూ ఇవ్వకపోతే కారణం రాసి సంతకం పెట్టాలి.

సంఘాల వాళ్ళకు ఒక పని. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలని 17వ రూలు ఉంది. మన గుంటూరులో, బాపట్లలో, ప్రకాశంలో, పల్నాడులో ఈసారి కూర్చునే ముందే 3వ రూలు కింద ఏం చేశారని అర్జీ ఇవ్వండి. అర్జీ మీద స్టాంపు వేయించుకుని నకలు దాచుకోండి. సమాచార హక్కు కింద పేర్లు అడిగితే భద్రత అని తప్పించుకుంటారు, మండలాల వారీగా సంఖ్య అడగండి. జవాబు రాకపోతే అప్పీలుకు పోండి. జవాబు వస్తే పల్లెలో మైకు పెట్టి చదవండి.

కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో మనవాళ్ళు తుపాకులు పట్టుకు కూచోలేదు. చుండూరులో చంపిన చోటికే కోర్టును రప్పించుకుని విచారణ జరిపించుకున్నారు. ఆ బలం లైసెన్సు ఇస్తే వచ్చింది కాదు, రద్దు చేస్తే పోయేదీ కాదు. ఆ బలంతోనే ఈ లెక్క అడుగుదాం.

జై భీమ్!