పసివారికి టెలివిజను పథ్యమా, అపథ్యమా?

"టి.వి. పెట్టనిదే మా బాబు ముద్ద ముట్టడండీ" అని చెప్పని తల్లి నేడు అరుదు. ఆ వెనువెంటనే "రెండేండ్లు నిండినవి, ఇంకను మాటలు రాలేదు. వసకొమ్ము అరగదీసి నాకించమందురా?" అని అడుగుచున్నారు. ఈ రెండు మాటలకును సంబంధముండవచ్చునని పెద్దలు గుర్తించవలెను.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమైన నాళ్లలో ప్రసారములు సాయంకాలము కొన్ని గంటలు మాత్రమే ఉండెడివి. నేడు ప్రసారములకు రాత్రింబవళ్ల భేదము లేదు. ఆ తెరయే సెల్‌ఫోను రూపమున ఊయలలోనికి సైతము వచ్చినది. కనుక హద్దు గీయవలసిన భారము గృహస్థునిపై పడినది.

రోగకారణములలో మొదటిదిగా చరకాచార్యులు ఇంద్రియములకు విషయములతో కలుగు అనుచిత సంబంధమును పేర్కొనిరి. మిక్కిలి ప్రకాశవంతమైన వస్తువులను అధికముగా చూచుట కంటికి అతియోగము. మరీ దగ్గరగా ఉన్నవానిని, భయంకరమైనవానిని, వికృతమైనవానిని చూచుట మిథ్యాయోగము. టి.వి. ముందు గంటలకొలది కూర్చున్న శిశువునకు ఈ రెండును కలుగుట లేదా?

ఆటవస్తువు రంగులతో, శబ్దముతో, తేలికగా ఉండవలెననియు, మొనదేలినది, నోటిలో పట్టునది, భయపెట్టునది కారాదనియు శారీరస్థానమున చెప్పబడినది. టి.వి.కిని రంగులు, శబ్దము కలవు కదా అని కొందరు వాదింతురు. గిలక్కాయ బిడ్డ ఊపిన కొలది పలుకును. బిడ్డ "తా" అనగానే తాత "తాతా" అని అందుకొనును. మాట పుట్టునది ఈ ఇచ్చిపుచ్చుకొనుటలోనే. తెర బిడ్డ మాట వినదు, బదులు పలుకదు.

భోజన విషయమునను ఇంతే. మనస్సు అన్నముపై నిలిపి భుజించవలెనని శాస్త్రము. తెరపై చూపు నిలిపిన బిడ్డ తన ఆకలిని గాని, తృప్తిని గాని గుర్తింపజాలడు. ఒకడు అమితముగా తినును, మరొకడు ముద్దను బుగ్గను పెట్టుకొని కూర్చుండును.

ఆధునికులును ఈ మాటయే చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, రెండేండ్లు నిండని శిశువులకు తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకు తక్కువయైన మరింత మేలనియు సూచించినది. ఆరుబయట వెలుగులో ఆడుకొను పిల్లలకు హ్రస్వదృష్టి ముప్పు తక్కువని నేత్రవైద్యులును చెప్పుచున్నారు.

అయితే తల్లినొక్కతెను నిందించుట న్యాయము కాదు. రెండు గదుల ఇంటిలో, సాయము చేయువారు లేక, పొయ్యి మీద అన్నముండగా ఆమె టి.వి. పెట్టుటకు కారణము అలసటయే గాని అలక్ష్యము కాదు. తండ్రి ఆ అరగంట బిడ్డనెత్తుకొని వీధిలోనికి నడిచిన చాలును. అత్తమామలు సంధ్యవేళ సీరియళ్లు మాని కథ చెప్పిన చాలును. పెద్దలు తెర ముందు కూర్చుండి బిడ్డను వలదనుట వ్యర్థము.

కావున నా అభిప్రాయమిది. రెండేండ్లు నిండువరకు టి.వి. వలదు. ఆ పైన ఐదేండ్ల వరకు ఒక గంటలోపు, పెద్దలు ప్రక్కన కూర్చుండి చూచినదానిని గూర్చి మాటలాడుచు చూపవలెను. భోజనవేళను, నిద్రకు ముందు ఒక గంటయు తెర కట్టివేయవలెను. మొదటి కొన్ని దినములు బిడ్డ ఏడ్చును, ముద్ద తగ్గించును. తల్లిదండ్రులు బెదరి మరల పెట్టరాదు. ఆకలి వేసినప్పుడు తానే అడుగును.

ఇక వసకొమ్ము మాట. మాటలు ఆలస్యమగుటకు టి.వి. ఒక్కటియే కారణము కాదు, వినికిడి లోపము మొదలగునవియు ఉండవచ్చును. రెండేండ్లకును రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను ఇంటివైద్యముతో కాలయాపన చేయక వైద్యునికి చూపి, చెవులు పరీక్ష చేయించవలెను. టి.వి.ని మాత్రము ఆ పరీక్ష వరకు ఆగక నేడే కట్టివేయవచ్చును.