ఈసీఎం పోయిందనగానే బండిని తుక్కుకి ఇచ్చేయకండి



2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి వేళచ్చేరి మునిగినప్పుడు మా పాత కారులోకీ నీళ్లొచ్చాయి. ఫ్లైఓవరు ఎక్కించిన వాళ్లు గట్టెక్కారు, మేం ఆలస్యం చేశాం. ఆరబెట్టాక నాలుగు నెలలు బాగానే నడిచింది. సరిగ్గా నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజున మొరాయించింది. "ఈసీఎం పోయింది, కొత్తది వేస్తే మీ బండి ధరలో సగం అవుతుంది, తుక్కుకి ఇచ్చేయండి" అన్నారు వర్క్‌షాపులో.

మేం ఇవ్వలేదు. ఇంకో మెకానిక్కు ముందు బ్యాటరీ, ఫ్యూజులు, రిలే, ఎర్త్ వైరు చూశాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు పెట్టె విప్పితే పిన్నులకి పచ్చగా చిలుము! శుభ్రం చేసి, బోర్డు మీద పాడైన భాగం ఒకటి మార్చాక బండి కదిలింది.

పుదుపేటలో పాత ఈసీఎం చవగ్గా దొరకొచ్చు. కానీ ఇమ్మొబిలైజరు ఉన్న బండ్లలో తాళం కోడు దానితో కలవకపోతే ఇంజను స్టార్టవదు. పార్టు నెంబరు సరిపోతేనే, కోడింగ్ చేసేవాళ్లు ఉంటేనే కొనండి. నీళ్లు ఎక్కిన బండికైతే తాళమే తిప్పొద్దు. ముందు బ్యాటరీ వైరు తీయించండి.

పరీక్ష చేయకుండా "పోయింది" అనడం రిపేరు కాదు, అమ్మకం. దాని భారం పడేది పింఛను మీద బతికే మన పెద్దవాళ్ల మీదే. మీకు తెలిసిన నమ్మకమైన మెకానిక్కుల గురించి చెప్పండి. అక్టోబరు వానలు రాకముందే మన సంఘానికి ఒక జాబితా తయారు చేసుకుందాం.