బీజగణితమూ, ఆడబిడ్డ వాటా

బీజగణితం అనగానే మన పిల్లలు భయపడతారు. మనమేమో జల్సాల్లో "ఆల్జీబ్రా ముస్లింలు లోకానికిచ్చిన కానుక" అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ కానుక ఏ అవసరాలు తీర్చడానికి వచ్చిందో ఎందరికి తెలుసు?

ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఖలీఫా మామూన్ (813-833) కాలంలో బాగ్దాదులో ఉన్న పండితుడు. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అనే మాటే ఆల్జీబ్రా అయింది. నిజాం కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉర్దూలో చదువుకున్న పెద్దలకు ఇది 'జబ్ర్ వ ముఖాబలా'. తీసివేతగా ఉన్న పదాన్ని రెండో వైపుకు కూడికగా మార్చడం జబ్ర్. ఇరువైపులా ఉన్న సజాతి పదాలను కొట్టివేయడం ముఖాబలా. నేటికీ బడిలో పిల్లలు చేస్తున్నది ఇదే.

ఈ శాస్త్రానికి ఆయనొక్కడే కర్త కాడు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లోనే సమీకరణాలు సాధించాడు. ఖ్వారిజ్మీ వాటిని ఆరు రకాలుగా విభజించి, ప్రతిదానికీ పద్ధతి చూపాడు. 1145లో ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లింది. నేటి కంప్యూటర్ల 'అల్గారిథం' అనే మాట కూడా ఆయన పేరు నుంచి పుట్టినదే.

ఆ గ్రంథం చివరి పెద్ద భాగమంతా వసీయత్‌లు, వారసత్వ పంపకాల లెక్కలే! సూరె నిసాలో నిర్ణయమైన వాటాలు ఎవరికీ అన్యాయం జరగకుండా పంచడానికి లెక్క కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అప్పులు, వసీయత్ తీరాక ఒకరికి 8 ఎకరాలు మిగిలాయి. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు మాత్రమే వారసులు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. కూతురి వాటా ఎక్స్ అనుకుంటే కొడుకుది రెండు ఎక్స్‌లు. నాలుగు ఎక్స్‌లు 7 ఎకరాలకు సమానం. ఒక్కో కూతురికి 1 ఎకరం 30 గుంటలు, కొడుకుకు 3 ఎకరాల 20 గుంటలు.

లెక్క ఐదు నిమిషాలది. ఇవ్వడానికే ఏళ్లు చాలవు. "పెళ్లికి పెట్టాం కదా" అంటాం. చెల్లెలు మొహమాటంతో ఊరుకుంటే మాఫీ చేసిందంటాం. మదర్సాలో ఫరాయెజ్ చదివినవాణ్ణని పంపకం లెక్కలు నన్ను అడుగుతుంటారు. వచ్చేది ఎక్కువగా అన్నదమ్ములే. అక్కచెల్లెళ్లు ఎప్పుడో గాని రారు.

ఈ జుమా రోజున అబ్బాయిలనూ అమ్మాయిలనూ కూర్చోబెట్టి మీ ఇంటి లెక్క చేయించండి. వచ్చిన జవాబు ప్రకారం ఎవరి వాటా వారికి ఇచ్చేయండి. ఖ్వారిజ్మీ మనవాడని చెప్పుకునే హక్కు అప్పుడే మనకుంటుంది.