బజారు, ఖాతా పుస్తకం

కర్నూలు పాతబస్తీ బజారు చాలా మార్పులు చూసింది. తుంగభద్ర, హంద్రీ నదులు కలిసే చోట వెలసిన ఈ పట్టణం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆ హోదా హైదరాబాదుకు వెళ్లిపోయింది. కచేరీలు తరలిపోయినా షరాఫ్ బజారులో త్రాసులు ఆగలేదు, పూల బజారులో దండలు వాడిపోలేదు. తరువాత పట్టణం అన్ని దిక్కులకూ పెరిగి, అద్దాల దుకాణాలు వెలిశాయి. దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ప్రతి ఊరి కథా ఇదే. నేను చెప్పదలచినది ఖాతా పుస్తకం గురించి.

ఎర్రగుడ్డ అట్టతో, పొడవుగా, నిలువుగా తెరుచుకునే ఆ పుస్తకం ప్రతి దుకాణంలోనూ షావుకారు మోకాలి దగ్గర ఉండేది. నెల జీతగాడికి ఒకటో తేదీ, రైతుకు వేరుశెనగ పంట, కూలికి సంత రోజు గడువు. దివ్య ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన వాక్యం నమాజు గురించో హజ్ గురించో కాదు, అప్పును రాసుకోవడం గురించి (2:282) అని చెప్పినప్పుడు కొత్త విద్యార్థులు ఆశ్చర్యపోతారు. బజారులో పెరిగిన పిల్లలు మాత్రం ఆశ్చర్యపోరు.

2009 అక్టోబరు 2, శుక్రవారం. రంజాన్ పండుగ జరిగి పదకొండు రోజులే అయింది. పండుగ బట్టల అప్పులు ఇంకా తీరలేదు. ఆ రోజు నదులు రెండూ పాతబస్తీలోకి వచ్చాయి. నీరు తీసిన తరువాత నాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి తన ఖాతా పుస్తకాలను మిద్దెమీద ఆరబెట్టాడు. సిరా అంతా పాకిపోయి ఒక్క పేరూ మిగలలేదు. ఆయన ఎవరినీ అడగలేదు. అడుగుదామన్నా, బాకీదారుల ఇళ్లలో పొయ్యి వెలిగించే చోటు కూడా బురదే.

కొన్ని వారాలకు కుట్టుపని చేసుకునే ఒక వితంతువు వచ్చి, తాను ఇవ్వవలసిన మొత్తం తానే చెప్పింది. "ఇల్లు సర్దుకో అమ్మా, తరువాత చూద్దాం" అన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. చివరికి సగం తీసుకుని, మిగిలినదానికి గడువు ఇచ్చాడు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వ్యవధి ఇవ్వమన్న ఆదేశం ఆ వాక్యానికి కాస్త ముందే ఉంది (2:280). అయితే అందరూ ఆమెలా రాలేదు. రానివారి పేర్లు ఆయన ఎన్నడూ నోటితో చెప్పలేదు.

"హజ్రత్, రాత చెరిగిపోతే అప్పు కూడా పోయినట్టేనా?" అని ఆ ఏడాది ఒక విద్యార్థి అడిగాడు. వెంటనే తరువాతి వాక్యం చదవమన్నాను. రాసేవాడు దొరకక, ఒకరినొకరు నమ్మిన సందర్భంలో అమానతును తిరిగి అప్పగించవలసిన బాధ్యత అందులో ఉంది. అప్పు కాగితంలో ఉండదు, మెడమీద ఉంటుంది.

ఇప్పుడు ప్రతి గల్లాపెట్టె ముందూ క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తుంది. అక్కడికక్కడే జరిగే లావాదేవీని రాయకపోయినా దోషం లేదని ఆ పొడవైన వాక్యమే మినహాయించింది. ఈనాడు అయిదు రూపాయల టీ కూడా ఫోనులో నమోదవుతోంది, అప్పు మాత్రం బజారు నుండి మాయమైంది. వ్యాపారిని తప్పుపట్టలేము, అతనికి హోల్‌సేల్ వారు అరువు ఇవ్వడం లేదు. కానీ చేతిలో డబ్బు లేని ఇల్లాలు ఎక్కడికి వెళ్లాలి? అదే ఫోనులో రుణయాప్ ఉంది. షావుకారు వ్యవధి ఇచ్చేవాడు, అది వడ్డీ లెక్కిస్తుంది. మన ఇళ్లలోకి రిబా ఇంత సులువుగా ప్రవేశించిన దారి ఇంకొకటి నాకు కనిపించడం లేదు. దుకాణాలు మారినందుకు నాకు బెంగ లేదు, ఈ ఒక్కదానికే ఉంది.

ఆ బట్టల దుకాణం ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు. క్యూఆర్ అట్ట పక్కన ఒక సన్నని నోటు పుస్తకం ఉంది. అందులో ఇరవై పేర్లకు మించి లేవు, చాలావరకు ముసలమ్మలవే. వాళ్ల దగ్గర ఫోన్లు లేవన్నాడు.