రోడ్డుండగా గట్టెందుకంటే

పోయిన సార్వా ఊడ్పులకు ముందు మా ఊరి గ్రామసభలో లేచి, పక్క ఊరికి పోయే గట్టు దారి మూసుకుపోయిందనీ, దాన్ని తెరిపించాలనీ అడిగాను. జవాబు చెప్పినాయన మంచివాడు, నా దగ్గర చదువుకున్నవాడే. "మాస్టారూ, తారు రోడ్డుండగా ఇంకా గట్టెంబడి ఎవరు నడుస్తారండీ?" అన్నాడు. సభలో చాలామంది తలలూపారు. అందులో వెటకారమేమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు ఉండదని వాళ్లు నిజంగానే నమ్ముతున్నారు. ఆ రోజు మాట తోచక కూర్చున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ నమ్మకం ఆయనొక్కడిది కాదు. ఊరికి రోడ్డు పడ్డాక కాలిబాటతో పని తీరిపోయిందనీ, దాని మీద ఇంకా నడిచేది బండి కొనుక్కోలేనివాళ్లేననీ, వాళ్లూ రేపో మాపో కొనుక్కుంటారనీ, అందుచేత బాట గురించి మాట్లాడటం పాతకాలం మీద మోజేననీ మన అధికారులు, నాయకులు, చదువుకుని పట్నం పోయిన మన పిల్లలు అంతా అనుకుంటున్నారు. ఇది తప్పు. ఈ తప్పు చాటున ఊళ్ల ఉమ్మడి ఆస్తి ఒకటి ఏడాదికింత చొప్పున కరిగిపోతోంది.

మా రామాలయం వెనక పుంత, అంటే పాత బండ్ల దారి, మొదలవుతుంది. ఒకప్పుడు రెండెడ్ల బండి పట్టేంత వెడల్పు. చింతచెట్లు దాటాక కుడివైపు తిరిగితే శ్మశానం. ఎడంవైపు బోదె గట్టు పట్టుకుంటే మురుగు కాలవ, దాని మీద రెండు తాటి మొద్దులు పక్కపక్కన వేసిన వంతెన, అవతల పక్క ఊరి చేలు. గడప దాటిన పాతిక నిమిషాల్లో ఆ ఊరి మంచినీళ్ల చెరువు దగ్గరుంటాం. రోడ్డున పోవాలంటే ముందు మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు, దాని మీద కొంత దూరం, మళ్లీ లోపలికి మూడు. మొత్తం ఏడున్నర.

సార్వాలో ఆ గట్టు మెత్తబడిపోతుంది. చెప్పులు చేత పట్టుకుని, బొటనవేలు నేలలో దింపుకుంటూ నడవాలి. పీతలు బొరియల్లోంచి తోడిపోసిన బురద ఉండలు అరికాలికి చల్లగా తగులుతాయి. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు చేలోకి దిగాల్సిందే. నెత్తిన బరువున్నవాళ్లకీ చంకలో బిడ్డ ఉన్నవాళ్లకీ అవతలివాళ్లు దిగి దారిస్తారు. దిగినప్పుడు ఒక్క మాటైనా ఆడకుండా ఎవరూ పోరు. ఎవరి చేనుకి దోమపోటు తగిలింది, ఎవరి గేదె ఈనింది, ఎవరింట్లో పిల్లకు సంబంధాలు చూస్తున్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్క ఊరే. పండక్కి ఆమె మమ్మల్ని నడిపించుకుపోయింది ఈ గట్టు మీదే. తాతయ్య పోయాడన్న కబురు పట్టుకుని పాలేరు వచ్చిందీ ఈ గట్టు మీదే.

రోడ్డుండగా గట్టెందుకంటే, ఆ రోడ్డు పోయేది వేరే చోటికి కాబట్టి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ప్రతి ఆవాసానికీ అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వెయ్యాలని సంకల్పించింది. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి బురదలో మోసుకుపోవడం నేను చూశాను, కాబట్టి రోడ్డును ఒక్క మాట కూడా అనను. కానీ ఆ పథకం లెక్కలో ఊరికి ఒక్క రోడ్డు ఉంటే చాలు, ఆ ఊరు లోకంతో కలిసిపోయినట్టే. ఆ ఒక్కటీ ఊరిని పెద్ద రోడ్డుకో, మార్కెట్టుకో, మండల కేంద్రానికో కలుపుతుంది. బండిచక్రంలో ఆకులన్నీ కుండలోకి దిగినట్టు ఊళ్లన్నీ పట్నంలోకి దిగాయి. ఒక ఆకు నుంచి పక్క ఆకుకి పోవాలంటే కుండ దాకా పోయి రావాలి. కాలిబాటలు ఊరి నుంచి ఊరికి పోతాయి. ఈ రెండూ చేసే పని వేరు. ఒకటి ఉంది గనక రెండోది అక్కర్లేదనడం, ఇంటికి సింహద్వారం ఉంది గనక పెరటి తలుపు మూసేద్దాం అనడమే.

ఫలితం నా కళ్లముందే ఉంది. మా ఊరి పిల్లలకు భీమవరం తెలుసు, హైదరాబాద్ తెలుసు. మురుగు కాలవ అవతల ఊళ్లో తమ ఈడు పిల్ల ఒక్కరి పేరు తెలియదు. మా తరానికి మేనత్తలూ మేనమామలూ ఉన్న ఊరు వాళ్లకు బస్సు అద్దంలోంచి కనిపించే బోర్డు.

ఇక "ఎవరు నడుస్తారు" అన్నదాని సంగతి. ఆ లెక్క దేశం దగ్గరే సరిగ్గా లేదు. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం పోతారు, దేని మీద పోతారు అని అడిగారు. అడిగింది మాత్రం 'ఇతర పనివారి'ని. అంటే సాగుదార్లనూ వ్యవసాయ కూలీలనూ ఇంటి పరిశ్రమల వాళ్లనూ పక్కనపెట్టి మిగిలినవాళ్లను. పల్లెలో పొద్దున్నే లేచి చేలోకి నడిచే మనిషి ఆ పట్టికలోకే ఎక్కలేదు. లెక్కపెట్టకుండా వదిలేసి, తర్వాత లేరని తీర్మానించడం అన్యాయం.

వాళ్లు ఉన్నారు. పక్క ఊరి చేలల్లో ఊడ్పులకు మా ఊరి ఆడవాళ్లు గుంపుగా పోతారు. గట్టు మూసుకున్నాక వాళ్లలో ఒకావిడను, ఇప్పుడెలా పోతున్నారమ్మా అని అడిగాను. "ఆయ్, ఆటోలోనండి. పోను ముప్పై, రాను ముప్పై. మాకేమో పొద్దున్నే పొయ్యి దగ్గర గంట తగ్గిపోయిందండి, ఆటో ఆరింటికే వచ్చేత్తాది కదండి" అంది. అరవై రూపాయలూ గంట సేపూ ఆవిడ చేతిలోంచి పోయాయి. ఆటో దొరకని రోజున అదే ఆడవాళ్లు తారు రోడ్డు అంచున, క్యారేజీలు పట్టుకుని, లారీల పక్కన నడుస్తారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. మొత్తం చావుల్లో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లోనే. రోడ్డుంది కదా అని గట్టు మీది మనిషిని రోడ్డెక్కించేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చదవాలి. నడిచేవాళ్లకు ఆటంకం లేని ఫుట్‌పాత్ ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. పల్లెల్లో ఆ ఫుట్‌పాత్ ఎప్పటినుంచో ఉంది. కొత్తగా కట్టక్కర్లేదు, మింగకుండా ఉంటే చాలు.

మింగడం ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూశాను. మొదట వరి రైతు దమ్ము చేసేటప్పుడు గట్టును అంచునుంచి పారతో చెక్కుతాడు. ఏటా జానెడు. రెండడుగుల గట్టు ఒక పాదం పట్టేంత అవుతుంది. తర్వాత ఆ చేలు రొయ్యల చెరువులవుతాయి. పాత గట్టును కలిపేసి పెద్ద గట్టు వేస్తారు. అది దారి కోసం కాదు, మేత ట్రాక్టరు కోసం. దాని చుట్టూ పీతలు రాకుండా నీలం ప్లాస్టిక్ పట్టా, పైన పక్షులు వాలకుండా వల. మా దారిలో ఆ పట్టా గట్టు మొదట్లో, వల తాటి మొద్దుల దగ్గర కట్టారు. చివరికి 'లోనికి రాకూడదు' అని ఒక రేకు.

చెరువు యజమానికి తన బాధ ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. తెల్లమచ్చ తెగులు వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు తుడిచిపెట్టుకుపోతుంది, అప్పులు మిగులుతాయి. ఒక చెరువు బురద ఇంకో చెరువుకి కాళ్లతో రాకూడదన్న జాగ్రత్త నిజమైనదే. కానీ దానికి మందు దారి మొత్తం మూసెయ్యడం కాదు. ప్లాస్టిక్ పట్టాను రెండడుగులు లోపలికి జరుపుకుని, బయటి అంచున నడిచేంత మేర వదిలితే ఆ కాళ్లు చెరువు నీళ్లను తాకవు. ఒక పక్క గట్టు మీద రెండడుగులు, అంతే మేము అడిగింది.

"నా పట్టా భూమి మాస్టారూ" అంటాడాయన. అవును, ఆయన పట్టాయే. పెద్ద పుంతలకు గ్రామ రికార్డులో సొంత సర్వే నంబరు ఉంటుంది, అవి పోరంబోకు. కాలిబాటకు చాలాచోట్ల నంబరు ఉండదు. నక్షలో పట్టా భూముల మీదుగా పోయే ఒక చుక్కల గీత అది. కొన్నిచోట్ల ఆ గీత కూడా లేదు, జనం కాళ్ల గుర్తే ఆధారం. అయినా పట్టా ఉంటే అక్కడ ఇంకెవరికీ హక్కు ఉండదనుకోవడం పొరపాటు. అప్పట్లో మనం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈజ్‌మెంట్ల చట్టం ఒకరి భూమిలోంచి ఇంకొకరికి దారి హక్కు ఉంటుందని ఒప్పుకుంది. ఇరవై ఏళ్లపాటు గొడవ లేకుండా, బాహాటంగా, అడ్డంకి లేకుండా, మాకు హక్కుంది అన్నట్టుగా నడిస్తే ఆ దారి హక్కుగా స్థిరపడుతుంది. ఇందులో 'హక్కుంది అన్నట్టుగా' అన్నది ముఖ్యం. "అయ్యా, కాస్త పోనివ్వండి" అని బతిమాలి, ఆయన దయతలిచి ఒప్పుకుంటే నడిచిన నడక హక్కు కింద జమపడదు. రెండోది ఇంకా ముఖ్యం. ఇరవై ఏళ్లు ఎవరూ నడవకపోతే ఆ హక్కు పోతుంది. "ఎవరు నడుస్తారండీ" అన్న మాటలో ఉన్న ప్రమాదం ఇక్కడుంది. ఆ మాట నమ్మి ఒక తరం నడక మానేస్తే, తర్వాతి తరం కోర్టుకు పోయినా చేతిలో ఏమీ ఉండదు.

పైగా సొంత భూమి ఉండి, దాని అనుభవం కోసం దారి కావలసినవాడికే ఈ చట్టం సూటిగా పనికొస్తుంది. సెంటు భూమి లేని కూలి, ఇది ఊరందరికీ ఆచారంగా వస్తున్న దారి అని రుజువు చెయ్యాలి. అరవై రూపాయలు ఆటోకి పోయే మనిషిని సివిల్ కోర్టుకు పొమ్మని ఎలా చెబుతాం? అందుకే ఇది పంచాయతీ తలకెత్తుకోవాల్సిన పని.

పాత బాటలు అందరికీ సమానంగా ఉండేవని నేను అబద్ధం చెప్పను. ఏ వీధిలో ఎవరు చెప్పులు విప్పి నడవాలో, ఏ దారిన ఎవరి శవం పోకూడదో ఊళ్లు శాసించిన రోజులున్నాయి. గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడిచే హక్కు కోసమే 1924లో తిరువాన్కూరులో వైకం సత్యాగ్రహం జరిగింది. ఈనాటికీ పొలాల మధ్య శ్మశానానికి దారి లేక, పైరులోంచి పాడె మోసుకుపోయే దళితవాడలున్నాయి. మా పుంత కుడివైపు తిరిగేది శ్మశానానికే. అది కూడా సన్నబడింది. నడిచే దారి పోయినప్పుడు ముందు ఎవరికి పోతుందో చూస్తే, ఇది మోజు సంగతి కాదని తెలుస్తుంది.

ఇది వెనకబడినవాళ్ల కోరిక అనుకునేవాళ్లు ఇంగ్లండు వైపు చూడొచ్చు. అక్కడా బాటలు చాలావరకు సొంత భూముల మీదుగానే పోతాయి. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీద నడిచే హక్కు కోసం వందలాదిమంది, ఎక్కువగా కార్మికులు, అడ్డగింపును కాదని నడిచారు. కొందరు జైలుకు పోయారు. 1949 చట్టంతో ఇంగ్లండు, వేల్సుల్లో కాలిబాటలకు అధికారిక పటాలు మొదలయ్యాయి. 1990 చట్టం ప్రకారం చేనుకు అడ్డంగా పోయే బాటను రైతు పైరు కోసం దున్నుకోవచ్చు. కానీ పధ్నాలుగు రోజుల్లోగా దాన్ని మళ్లీ నడిచేలా సరిచెయ్యాలి, కనీసం మీటరు వెడల్పున. ఇంటికో కారు ఉన్న దేశం ఆ చుక్కల గీతను చట్టంతో కాపాడుకుంది.

నడకంటే మనకు గౌరవం లేక కాదు. 1951లో వినోబా నడిచి వచ్చాకే పోచంపల్లిలో భూదానం పుట్టింది. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిస్తే రాష్ట్ర రాజకీయమే మారింది. మా గోదావరి జిల్లాల్లో పుంతలో ముసలమ్మ పేరున గుళ్లున్నాయి, పుంతకు కూడా అమ్మవారిని నిలుపుకున్నాం. పట్నాల్లో డాక్టరు చెప్పాడని పార్కు చుట్టూ తిరిగే నడకకు ట్రాకులు వేస్తున్నాం. ఆ గౌరవంలో కొంతైనా, పనికీ చుట్టరికానికీ చావుకీ నడిచే నడకకు దక్కాలి.

ఇప్పుడే ఎందుకింత గట్టిగా అడుగుతున్నానంటే, ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే జరుగుతోంది. 2020 డిసెంబరు 21న మొదలై, ప్రభుత్వం మారినా కొనసాగుతోంది. వందేళ్ల తర్వాత ఊళ్ల నక్షలు కొత్తగా గీస్తున్నారు. డ్రోన్‌కు గట్టు కనిపిస్తుంది. దాని మీద ఎవరు నడిచారో కనిపించదు. సర్వేయరు వచ్చిన రోజున పట్టాదారులు ఎవరి హద్దు దగ్గర వాళ్లు నిలబడతారు. బాట దగ్గర నిలబడేవాళ్లు కూడా ఉండాలి. పాత నక్ష నకలు తీయించి, చుక్కల గీతలన్నీ వరసగా రాసి, గ్రామసభలో తీర్మానం చేసి, రెండు పంచాయతీలూ కలిసి సర్వేయరు చేతికివ్వాలి. కొత్త నక్షలో ఆ గీతకు చోటు దక్కేదాకా వదలకూడదు.

మా ఊళ్లో తీర్మానం ఇంకా కాలేదు. అందాకా ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి కొంతమందిమి పక్క ఊరికి నడుస్తున్నాం. మొదటి వారం నలుగురం, పోయిన వారం పదకొండుమందిమి. ఊడ్పులకు పోయే ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు. తాటి మొద్దుల దగ్గర చెరువు యజమాని నిలబడి ఉన్నాడు. "ఎటండీ మాస్టారూ?" అన్నాడు. "పక్క ఊరికి బాబూ" అన్నాను. పోనిమ్మని అడగలేదు. మాలో ఒకతను వల ముడి విప్పి పట్టుకున్నాడు. అందరం బయటి అంచున, ఒకరి వెనక ఒకరం దాటాం. ఆఖరున అతను వెనక్కి తిరిగి, ముడి ఎలా ఉందో అలాగే కట్టి వచ్చాడు.