స్థాలీపులాకము - ప్రజాభిప్రాయము

ఎన్నికలు సమీపించినంతనే ప్రజాభిప్రాయ మిట్లున్నది, అట్లున్నది యను ప్రకటనలు వెల్లువవలె వచ్చిపడుచుండును. నూటికి ఇందరిటు, ఇందరటు అని యంకెలు చూపినంతనే విద్యావంతులు సైతము తలలూపుదురు. ఆ యంకెలకై ఎవరి నడిగిరి, ఎట్లడిగిరి, అడిగించిన దెవ్వరు అని విచారించువా రరుదు. ఈ విచారణబుద్ధి పదునెనిమిదవ యేట వోటుతోపాటు తనంత తాను రాదు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు బాలబాలికలకే దీనిని నేర్పవలెనని మా యభిప్రాయము.

ఇది పిల్లలకు మించిన విద్య యని కొంద రందురు. మేమట్లు తలపము. అన్న ముడికినదో లేదో చూచుటకు మన తల్లులు ఒక్క మెతుకు పట్టి చూతురు గదా! దీనినే పెద్దలు స్థాలీపులాకన్యాయ మనిరి. ప్రజాభిప్రాయమును కొలుచు శాస్త్రమునకును మూల మిదియే. కాని కుండలోని మెతుకులకెల్ల మంట యొక్కటే. సంఘమున నట్లు కాదు. భూస్వామి తలపు వేరు, కౌలుదారు తలపు వేరు. పట్టణము వేరు, పల్లె వేరు. పైమెతుకు మాత్రము పట్టి కుండ యంతయు నుడికినదనుట మోసపోవుటయే.

అమెరికాలో 1936వ సంవత్సరమున అధ్యక్షుని యెన్నికకు ముందు 'లిటరరీ డైజెస్ట్' అను వారపత్రిక సుమారు కోటిమందికి చీట్లు పంపెను. ఇరువది లక్షలకు మించి ప్రత్యుత్తరములు వచ్చెను. వానిని నమ్మి, రూజ్‌వెల్టు ఓడి లాండన్ గెలుచునని చాటెను. తుదకు లాండనునకు దక్కినవి రెండే రాష్ట్రములు. ఆ పత్రిక పేర్లు సేకరించినది ముఖ్యముగా టెలిఫోను పుస్తకములనుండియు, మోటారుకారుల పట్టికలనుండియు. ఆ కరవుదినములలో అవి గలవా రెవ్వరు? పైగా చీట్లందుకొన్నవారిలో నాలుగింట మూడువంతులమంది బదులే వ్రాయలేదు. అంతకు మిక్కిలి తక్కువమందిని వివిధ వర్గములనుండి యేరి ప్రశ్నించిన జార్జి గాలప్ రూజ్‌వెల్టు విజయమును ముందే చెప్పెను. ఆ గాలప్ సైతము 1948లో ట్రూమన్ ఓడునని చెప్పి పొరబడెను. మన దేశమున 2004లోను, 2024లోను లోక్‌సభ యెన్నికల ఫలితములు పెక్కు అంచనాలను తలక్రిందులు చేసినవి.

దీనిని నేర్పుటకు ధనవ్యయ మక్కరలేదు. బడికి ఆటవస్తువులు కొనవలెనా, పుస్తకములు కొనవలెనా యని మొదట ఆటస్థలమున నున్నవారినే అడుగవలెను. పిమ్మట హాజరుపట్టీనుండి చీట్లువేసి పేర్లు తీసి అడుగవలెను. ఒకసారి ఉపాధ్యాయుని యెదుట చేతులెత్తించి, మరొకసారి రహస్యముగా చీట్లు వ్రాయించవలెను. ప్రశ్నలోని మాటలు మార్చి చూడవలెను. తుదకు బడిలోని యందరి మతమును లెక్కించి, ముందటి లెక్కలతో పోల్చవలెను. ఏ లెక్క యేల తప్పెనో పిల్లలే కనుగొందురు. చీట్లువేసి తీసిన వేయిమంది నడిగినను, నూటికి మూడు పాళ్లవరకు అటునిటు తేడా సహజమని పై తరగతులలో చెప్పవచ్చును.

ఒక్క హెచ్చరిక. ఈ పాఠము మిషగా ఇంట తల్లిదండ్రు లే పక్షమువారో పిల్లలచే చెప్పించుట తగదు. మరియు పదిమంది యన్నది పదిమంది మాట యగును గాని, అంతమాత్రమున ధర్మము కాజాలదని కూడ బోధింపవలెను. అంకెను గౌరవించుటయు, అంకెను ప్రశ్నించుటయు రెండును నేర్చిన బాలుడే రేపు ఒకరి ప్రచారమునకు లొంగని పౌరుడగును. స్వరాజ్యమునకు అట్టి పౌరులే కోటగోడలు.