వద్దన్న గుర్రం

ముఖచిత్రం మీది గుర్రం దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. ఎండ పడితే మూతి చుట్టూ, డొక్కల దగ్గర గోధుమవన్నె తేలుతుంది. పందెపు భాషలో ఆ రంగు డార్క్ బే. పేరు సండే సైలెన్స్.

1986లో అమెరికాలో పుట్టింది. వెనక కాళ్ళు వంకరని వేలంలో ఎవరూ సరైన ధర పెట్టలేదు. అదే గుర్రం 1989లో కెంటకీ డెర్బీ గెలిచింది. ప్రీక్‌నెస్ పందెంలో ఈజీ గోయర్ అనే గుర్రాన్ని ముక్కు తేడాతో ఓడించింది. ఎంత గొప్ప పరుగది! అయినా అక్కడి పెంపకందారులు తల్లి వంశం చూసి పెదవి విరిచారు. జపాన్ వాసి జెన్యా యోషిదా కొని హొక్కైడోకు తీసుకుపోయాడు. అమెరికా చేజేతులా పోగొట్టుకుందనే నా అభిప్రాయం. 1995 నుంచి 2007 దాకా, వరసగా 13 ఏళ్ళు జపాన్‌లో మేటి జనకాశ్వం అదే. 2005లో అక్కడి ట్రిపుల్ క్రౌన్ గెలిచిన డీప్ ఇంపాక్ట్ దాని బిడ్డే. అది చూడకుండానే తండ్రి 2002లో చనిపోయింది.

ఆ రక్తం ఇప్పుడు జపాన్ మందల్లో ఎంతగా పాకిందంటే, దగ్గరి చుట్టరికం లేని జతను వెతకడమే అక్కడి పెంపకందారులకు పెద్ద పని. ఆ చిక్కు మీది వ్యాసంతోనే ఈ సంచిక చదవడం మొదలుపెట్టండి.